రక్తం ఆగింది సరే, మళ్ళీ చూశావా? స్పెషల్ ఆపరేషన్స్ మెడిక్ శిక్షణలో నా అనుభవం

అమెరికా సైన్యంలో రేంజర్ మెడిక్‌నని చెబితే మనవాళ్ళు ముందు అడిగేది "అంటే డాక్టరా?" అని. కాదు. నర్సునీ కాదు. రేంజర్ల (సైన్యంలోని కమాండోల) ప్లటూన్‌తో పాటు వెళ్ళి, ఎవరికైనా గాయమైతే సర్జన్ చేతికి అప్పగించేదాకా ప్రాణం నిలబెట్టాల్సిన సైనికుణ్ణి. అందుకోసం పాసవ్వాల్సిన కోర్సు పేరు స్పెషల్ ఆపరేషన్స్ కంబాట్ మెడిక్. మేమంతా సాకమ్ అంటాం. 36 వారాలు. నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో జరుగుతుంది (2023లో ఫోర్ట్ లిబర్టీ అని మార్చి, 2025లో మళ్ళీ బ్రాగ్ చేశారు). ఇక్కడ పెరిగిన తెలుగు పిల్లలు కొందరు ఈ దారి గురించి నన్ను అడుగుతున్నారు. వాళ్ళ కోసం, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది విజయవాడలో. చిన్నప్పుడే డాలస్ వచ్చేశాం, అమ్మానాన్నలతో పాటు నాకూ పౌరసత్వం వచ్చింది. రిక్రూటర్ దగ్గర నేను సంతకం పెట్టింది ఆప్షన్ 40 అనే కాంట్రాక్టు మీద. అది 75వ రేంజర్ రెజిమెంట్‌లో చోటు ఇవ్వదు, సెలక్షన్‌కి వెళ్ళే అవకాశం మాత్రమే ఇస్తుంది. మధ్యలో ఎక్కడ తప్పినా సైన్యం తన అవసరాన్ని బట్టి ఎక్కడికైనా పంపిస్తుంది. ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "మెడిసిన్ చదవరా అంటే వద్దన్నావు. ఇప్పుడు తుపాకుల మధ్యకెళ్ళి వైద్యం చేస్తానంటావేంట్రా!" అంది. ఆవిడ టెన్షన్ నాకు తెలుసు. కానీ నేను చేయాలనుకున్న వైద్యం అదే.

బేసిక్ ట్రైనింగ్ అందరిదీ ఒకటే, దాని గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. తర్వాత టెక్సస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో 16 వారాల మామూలు ఆర్మీ మెడిక్ కోర్సు. అందులో మొదటి భాగం పూర్తయ్యేసరికి జాతీయ స్థాయి ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడి) పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత పారాచూట్ స్కూలు, మూడు వారాలు, అయిదు దూకుళ్ళు. దాని తర్వాత జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో ఎనిమిది వారాల రేంజర్ సెలక్షన్. 35 పౌండ్ల బరువు వీపున వేసుకుని మూడు గంటల లోపు 12 మైళ్ళు నడవాలి. నిద్ర లేకుండా కోల్ రేంజ్ అనే అడవిలో గడిపే రోజులుంటాయి. చాలామంది మానుకునేది అక్కడే. మెడిక్ కాబోయేవాడని ఎవరికీ సడలింపు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నడకలో వెనకబడిపోయిన మెడిక్ గాయపడ్డవాడి దగ్గరికి చేరేదెప్పుడు?

ఇదంతా దాటితే గానీ సాకమ్ మొదలవదు. అక్కడికెళ్ళాక నాకు తెలిసిందేమిటంటే, కష్టమైన భాగం అప్పటికింకా రాలేదు. అసలు కష్టం చదువు.

మా క్లాసులో రేంజర్లతో పాటు గ్రీన్ బెరే (సైన్యంలోని ఇంకో ప్రత్యేక దళం) కాబోయేవాళ్ళు, 160వ హెలికాప్టర్ రెజిమెంట్ మెడిక్‌లు, నేవీ పడవ దళం వాళ్ళు, మెరైన్లతో పనిచేసే నేవీ వైద్య సహాయకులైన కోర్‌మన్‌లు ఉండేవాళ్ళు. అందరూ శరీరంలో ఉక్కులాంటివాళ్ళే. అయినా పొద్దున అనాటమీ, మధ్యాహ్నం ఫిజియాలజీ, రాత్రి మందుల మోతాదులు చదివేసరికి తలలు వాలిపోయేవి. పరీక్ష తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు. అదీ తప్పితే కింది బ్యాచ్‌కి పంపడమో, కోర్సు నుంచి తీసేయడమో జరుగుతుంది. సెలక్షన్‌లో నాకంటే ఎంతో ముందున్న నా రూమ్మేట్‌ని కింది బ్యాచ్‌కి పంపారు. ఇంటర్లో బైపీసీ తీసుకున్నవాళ్ళు ఎలా చదువుతారో అలా బొమ్మలు గీసుకుంటూ, పైకి చదువుకుంటూ రోజులు గడిపాం.

దానం చేసిన మృతదేహాల మీద నేర్చుకునే గది కూడా ఉంటుంది. అక్కడ మొదటిసారి తొడ మొదట్లో ఉండే ధమనిని వేలితో ముట్టుకున్నాను. చిటికెన వేలంత లావు. చర్మానికి అంత దగ్గరగా, అంత చిన్నదిగా ఉన్న ఆ గొట్టం తెగితే మనిషి కొన్ని నిమిషాల్లోనే పోతాడు. పుస్తకంలో వందసార్లు చదివిన సంగతే, కానీ ఆరోజు తర్వాత దాన్ని నేను మునుపటిలా చదవలేకపోయాను. తన శరీరాన్ని మాకిచ్చి వెళ్ళిన ఆ మనిషికి, ఆ కుటుంబానికి నేను రుణపడి ఉన్నాను.

మామూలు ప్రథమ చికిత్సలో ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ అని నేర్పుతారు. యుద్ధవైద్యంలో వరస వేరు, ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి దాన్ని మార్చ్ (MARCH) అంటాం. ముందు ధారగా పోయే రక్తం. తర్వాత శ్వాసదారి, ఊపిరి, రక్తప్రసరణ, చివరికి ఒళ్ళు చల్లబడకుండా చూడటం, తలదెబ్బ. ఈ వరస ఊరికే పుట్టలేదు. 1993 అక్టోబరులో సోమాలియాలోని మొగదీషులో రేంజర్లు రాత్రంతా చిక్కుకుపోయి, గాయపడ్డవాళ్ళని బయటికి తేలేకపోయారు. 1996లో ఫ్రాంక్ బట్లర్, మరి ఇద్దరు కలిసి రాసిన వ్యాసంతో యుద్ధంలో ప్రథమ చికిత్స పద్ధతే మారడం మొదలైంది. బట్లర్ ఒకప్పుడు నేవీ సీల్ (నౌకాదళ కమాండో), తర్వాత కంటి డాక్టరయ్యాడు. 2001 నుంచి 2011 దాకా యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలు తర్వాత పరిశీలిస్తే, ఆసుపత్రికి చేరకముందే పోయినవాళ్ళలో దాదాపు నాలుగోవంతు మంది బతికే అవకాశం ఉన్నవాళ్ళని తేలింది. వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది పోయింది రక్తస్రావంతోనే.

మా రెజిమెంట్ సంగతి వేరు. 1990ల చివర్లో రెజిమెంట్ కమాండర్‌గా ఉన్న స్టాన్లీ మెక్‌క్రిస్టల్, గురిచూసి కాల్చడం, వ్యాయామం వంటి వాటితో సమానంగా వైద్యాన్నీ నాలుగు ముఖ్యమైన విద్యల్లో ఒకటి చేశాడు. మెడిక్ ఒక్కడే కాదు, ప్రతి రేంజరూ రక్తం ఆపడం నేర్చుకోవాలి. రెజిమెంట్ డాక్టర్ రస్ కోట్వాల్ బృందం 2011లో ప్రచురించిన లెక్కల ప్రకారం, ఎనిమిదేళ్ళకు పైగా సాగిన యుద్ధంలో 419 మంది రేంజర్లు గాయపడ్డారు, 32 మంది పోయారు. మైదానంలో వైద్యం సరిగా అందక పోయినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఈ వ్యాసం చదివినరోజు నేను ఎందుకొచ్చానో నాకు స్పష్టంగా తెలిసింది.

ఇక ట్రామా పరీక్షలు. వీటిని లేన్లు అంటారు. చీకటి గది, పొగ, చెవులు పగిలే శబ్దాలు, నేల మీద బొమ్మ మనిషో, గాయాల మేకప్ వేసుకున్న తోటి విద్యార్థో. బొమ్మకి లోపల పంపు ఉంటుంది, దాని రిమోట్ ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉంటుంది. తొడ మీద టోర్నికే (రక్తం ఆపే బిగుతు పట్టీ) వేసి పుల్ల తిప్పి బిగిస్తే రక్తం ఆగుతుంది. బిగించిన టైము రాస్తాం. ఛాతీలో గాలి పేరుకుని ఊపిరితిత్తి నొక్కుకుపోతుంటే మూడుంబావు అంగుళాల సూదితో ఆ గాలి బయటికి వదులుతాం. శ్వాసదారి పూర్తిగా మూసుకుపోతే గొంతు ముందుభాగంలో కోసి గొట్టం పెడతాం. ఇవన్నీ చేతులకి అలవాటయ్యేదాకా చేయిస్తారు.

కానీ లేన్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఈ పనుల దగ్గర కాదు, పని అయిపోయిందనుకున్నాక. రోగిని స్ట్రెచర్ మీదికి ఎత్తుతాం, అటూ ఇటూ కుదుపు తగులుతుంది, ఇన్‌స్ట్రక్టర్ మాట్లాడకుండా రిమోట్ నొక్కుతాడు. ప్యాంటు కింద రక్తం మళ్ళీ మొదలవుతుంది. చీకట్లో అది కనిపించదు, చెయ్యిపెట్టి తడిమితేనే తెలుస్తుంది. నిజం మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుంది. కదిలిస్తే టోర్నికే వదులవుతుంది. రక్తం ఎక్కించి బీపీ పెరిగితే అంతదాకా ఆగిన గాయం మళ్ళీ కారుతుంది. మా ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన ప్రతి పనికీ ఒకటే ప్రశ్న అడిగేవాడు: "సరే, మళ్ళీ చూశావా?" కట్టు కట్టాక, సూది వేశాక, మందు ఇచ్చాక, మనిషిని కదిపాక. కోర్సు మొత్తంలో నాకు దక్కిన అసలు విద్య ఇదేనని నా నమ్మకం. టోర్నికే బిగించడం ఎవరికైనా ఒక పూటలో నేర్పొచ్చు. వేసినదాన్ని నమ్మకుండా పదేపదే చూసే అలవాటు పట్టుబడటానికే నెలలు పడుతుంది.

రక్తం ఎక్కించే పాఠం గురించి తప్పకుండా చెప్పాలి. పోయిన రక్తానికి బదులు సెలైన్ ఎక్కిస్తే ఉన్న రక్తం పలచబడుతుంది, గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. అందుకే రేంజర్లు O గ్రూపు రక్తమున్న తోటివాళ్ళని ముందే పరీక్ష చేయించి పెట్టుకుంటారు. వాళ్ళలో ఇతర గ్రూపులకి హానిచేసే యాంటీబాడీలు తక్కువున్నవాళ్ళు అవసరమైనప్పుడు అక్కడికక్కడే రక్తమిస్తారు. దీన్ని మేం జంటలుగా ఒకరి మీద ఒకరం నేర్చుకున్నాం. ఎల్డన్ కార్డు మీద రక్తపు చుక్క వేసి గ్రూపు సరిచూడాలి. మోచేతి నరంలో లావు సూది గుచ్చి సంచి నేల దగ్గర పెట్టాలి. తూకం ఉండదు కాబట్టి సంచి చుట్టూ ముందే కొలిచిన తాడు కడతాం. సంచి ఉబ్బి తాడుకి ఆనిందంటే సుమారు 450 మిల్లీలీటర్లు వచ్చినట్టు. రక్తం గడ్డకట్టకుండా సంచిలో సిట్రేట్ అనే ద్రవం ఉంటుంది. అది ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే మొదటి సంచితో పాటు ఒక గ్రాము కాల్షియం ఇవ్వాలి. నా జంట విద్యార్థి రక్తం తీసి, సంచి మీద పేరు, గ్రూపు రెండుసార్లు సరిచూసి, వాడికే మళ్ళీ ఎక్కించాను. ఆ సంచి గోరువెచ్చగా ఉంది. ఎక్కుతున్నంతసేపూ వాడి మొహం, ఊపిరి, ఒంటి మీద దద్దుర్లు చూస్తూనే ఉన్నాను.

హెలికాప్టర్ రాకపోతే? దానికీ శిక్షణ ఉంది. ఒకే రోగి దగ్గర గంటలు గంటలు ఉండాలి. పల్స్, బీపీ, మూత్రం ఎంత వస్తోందో కాగితం మీద రాస్తూ, ఒత్తిడి పుండ్లు రాకుండా పక్కకి తిప్పుతూ, పెదాలు తడుపుతూ. మన ఊళ్ళలో ఆపరేషన్ అయినవాళ్ళ మంచం పక్కన అటెండెంటుగా తెల్లార్లూ కూర్చునే బంధువుల పని ఇది. ధైర్యసాహసాలకి ఇందులో చోటు లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి.

నగరంలోని పెద్ద ఆసుపత్రుల్లో, అంబులెన్సుల్లో పనిచేసే దశ నాకు బాగా నచ్చింది. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ల పక్కన నిలబడి గొంతులో గొట్టం వేయడం, ఎమర్జెన్సీలో కుట్లు వేయడం నేర్చుకున్నాం. బొమ్మ భయపడదు, మనిషి భయపడతాడు. ఒక రాత్రి కత్తిపోటుతో వచ్చిన కుర్రాడు నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఒక చేత్తోనే సూది పెట్టడం అక్కడే నేర్చుకున్నాను.

చివరి పరీక్షలు పాసైతే అడ్వాన్స్‌డ్ టాక్టికల్ ప్రాక్టీషనర్ అనే సర్టిఫికెట్ ఇస్తారు. గ్రీన్ బెరే వాళ్ళకి ఆ తర్వాత ఇంకా చదువు ఉంటుంది. మేం నేరుగా బెటాలియన్‌కి వెళ్తాం. రెండేళ్ళకోసారి మళ్ళీ వచ్చి పరీక్ష పాసవ్వాలి, లేకపోతే సర్టిఫికెట్ చెల్లదు.

మా పెదనాన్న కొడుకు గుంటూరు వైపు 108లో ఈఎంటీగా పనిచేస్తాడు. మొన్న ఫోన్లో, "తమ్ముడూ, మేం వెళ్ళేసరికే జనం తువ్వాలో తాడో కట్టేసి ఉంటారు, అయినా రక్తం ఆగదు. ఎందుకంటావు?" అని అడిగాడు. సన్నటి తాడు కడితే పైపైన సిరల్లో రక్తం ఆగుతుంది, లోపలి ధమనిలో ఆగదు. వెళ్ళే రక్తం వెళ్తూనే ఉంటుంది, తిరిగొచ్చే దారి మూసుకుంటుంది, గాయం ఇంకా ఎక్కువ కారుతుంది. "అన్నయ్యా, కట్టు వెడల్పుగా ఉండాలి, కర్రో స్పానరో పెట్టి తిప్పి బిగించాలి. అది లేకపోతే గాయంలో గుడ్డ కూరి రెండు చేతులతో బలమంతా పెట్టి నొక్కమను" అన్నాను. టోర్నికే వేస్తే కాలు తీసేయాలనే భయం అక్కడ ఇంకా ఉందట. బాగ్దాద్ సైనిక ఆసుపత్రిలో 2006లో జాన్ క్రాగ్ అనే సర్జన్ బృందం 232 మందిని పరిశీలించింది. కేవలం టోర్నికే వల్ల కాలో చెయ్యో పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. షాక్‌లోకి (రక్తం పోయి బీపీ పడిపోయే స్థితిలోకి) వెళ్ళకముందే వేసినవాళ్ళలో నూటికి 90 మంది బతికారు, వెళ్ళాక వేసినవాళ్ళలో 10 మందే. రెండు గంటల లోపు ఆసుపత్రికి చేర్చగలిగితే భయపడాల్సిన పని లేదని అన్నయ్యకి చెప్పాను. బిగించిన టైము నుదుటి మీదైనా రాయమన్నాను.

ఈ దారిలో రావాలనుకునే పిల్లలు ముందు పౌరసత్వం సంగతి చూసుకోండి. గ్రీన్ కార్డుతో సైన్యంలో చేరొచ్చు గానీ, ఇలాంటి పనులకి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, దానికి పౌరసత్వం తప్పనిసరి. పరుగు, బరువుతో నడక ఎలాగూ సాధన చేస్తారు, వాటితో పాటు అనాటమీ ఇప్పుడే మొదలుపెట్టండి. రిక్రూటర్ నోటిమాట నమ్మొద్దు. ఆప్షన్ 40, మెడిక్ ఉద్యోగం రెండూ కాంట్రాక్టులో రాసి ఉన్నాయో లేదో చదువుకున్నాకే సంతకం పెట్టండి.