తెలుగు పుస్తకానికి ఏ సాఫ్ట్‌వేర్? మా డీటీపీ షాపు నుంచి కొన్ని మాటలు

విజయవాడలో మాదొక చిన్న డీటీపీ షాపు, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చి ప్రింటుకి సిద్ధం చేసేది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు మ్యాగజైన్లు, అప్పుడప్పుడూ ఓ కథల పుస్తకం. కొత్తగా షాపు పెట్టుకునే కుర్రాళ్లూ, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుందామనుకునే రిటైర్డ్ మాస్టార్లూ నన్ను అడిగేది ఒకటే, "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదమ్మా?" అని. నేను ఎదురు అడిగేదీ ఒకటే: "మీ తర్వాత ఆ ఫైలు ఎవరు తెరుస్తారు?"

తెలుగులో ఈ ప్రశ్న తప్పదు. ఇప్పటికీ చాలా షాపుల్లో నడుస్తున్న, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 ఆఖరి వెర్షన్. దానికి యూనికోడ్ తెలియదు. యూనికోడ్ అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి. అందుకని అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు తలకట్టు, గుడి, వత్తు అంటూ మన అక్షరాల ముక్కల్ని ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టి పని నడిపించాయి. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. అదే మేటర్ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా ఇంగ్లిషు అక్షరాల గందరగోళం.

అయినా శుభలేఖల వరకూ నేను అను ఫాంట్లు, డిజైన్లు చేసే కోరల్‌డ్రాలతోనే చేస్తాను. ఎందుకంటే ప్రెస్సులో ఉన్నవి అవే. కార్డు రాత్రి ప్రింటుకి వెళ్తుందనగా పెళ్లివారి ఫోను నాకు కాదు, తిన్నగా ప్రెస్సు అతనికి వెళ్తుంది. "మేడం, ముహూర్తం 9.24 కాదంట, 9.42 అంట. మార్చేశాను" అని అతను నాకు చెప్పేసరికి కార్డులు మిషన్ మీద ఉంటాయి. అతనికి లేని సాఫ్ట్‌వేర్‌లో నేనెంత గొప్పగా చేసి పంపినా ఆ నిమిషంలో పనికిరాదు.

పుస్తకం సంగతి వేరు. ఇప్పుడు రచయితలు ఫోన్లోనే కొట్టి వాట్సాప్‌లో పంపుతున్నారు, అంటే మేటర్ యూనికోడ్‌లోనే వస్తోంది. దాన్ని అను ఫాంటులోకి మార్చి పేజ్‌మేకర్‌లో పోస్తే మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు, కొటేషన్ గుర్తులు చెడతాయి. అవన్నీ ప్రూఫులో ఏరుకోవాలి. రేపు ఆయన ఈ-బుక్ కావాలంటే మళ్లీ వెనక్కి మార్చాలి. పీడీఎఫ్‌లో ఒక పేరు వెతుకుదామన్నా దొరకదు. కాబట్టి పుస్తకానికి యూనికోడే. ఇక్కడ నాకు రెండో మాట లేదు.

యూనికోడ్ అనుకున్నాక పేజీలు కూర్చడానికి మూడు దారులున్నాయి: ఇండిజైన్, స్క్రైబస్, లిబ్రేఆఫీస్ రైటర్. ఇండిజైన్‌కి వంక పెట్టడానికి లేదు. పేరగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, అంతే. ఎంచుకోకపోతే 'లక్ష్మి' కాస్తా 'లక్‌ష్‌మి' అయి కూర్చుంటుంది. కాకపోతే అది చందా సరుకు. చేతిలో ఎప్పుడూ పుస్తకాలుండే షాపుకి గిట్టుబాటవుతుంది గానీ జీవితంలో ఒక్క పుస్తకం వేసుకునే మాస్టారికి ఎందుకు?

స్క్రైబస్ ఉచితం. "దాంట్లో తెలుగు రాదు" అని ఇప్పటికీ వీడియోల్లో చెబుతుంటారు. పాత 1.4 వెర్షన్లకు అది నిజమే. 1.5.3 నుంచి వత్తులు సరిగ్గా పడుతున్నాయి, 2024 జనవరిలో స్థిరమైన 1.6 కూడా వచ్చేసింది. సాఫ్ట్‌వేర్ గురించి ఎవరేం చెప్పినా ముందు ఆ మాట ఏ ఏడాదిదో చూసుకోండి. బొమ్మలు ఎక్కువున్న స్కూలు మ్యాగజైన్‌కి స్క్రైబస్ బాగుంటుంది. నేర్చుకోడానికి మాత్రం ఓపిక కావాలి.

ఉత్త కథలో, కవితలో, జ్ఞాపకాలో అయితే లిబ్రేఆఫీస్ రైటర్ చాలు. ఇది కూడా ఉచితమే. కొత్తవాళ్లు ఇందులో రెండుచోట్ల తడబడతారు. ఒకటి, ఫాంటు మార్చినా తెలుగు మారదు. ఇంగ్లిషుకీ మన లిపులకీ ఫాంటు, సైజు విడివిడిగా ఉంటాయి. కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి, ఆ గడిలో మార్చాలి. రెండోది లైన్ల మధ్య ఖాళీ. తెలుగు ఫాంటుకి పైన గుడి, కింద రెండేసి వత్తులు పట్టాలి కదా, అందుకని అది తనంతట తాను బోలెడు చోటు తీసుకుంటుంది, పుస్తకం పేజీలు పెరిగిపోతాయి. లైన్ స్పేసింగ్‌లో 'ఫిక్స్‌డ్' పెట్టి, 'రాష్ట్రం', 'స్త్రీ' ఉన్న లైను కింద 'శ్రీ', 'కీర్తి' ఉన్న లైను వేసి చూడండి. పైలైను వత్తు కిందిలైను గుడిని తాకనంత వరకూ తగ్గించుకోవచ్చు. మండలి అనే తెలుగు ఫాంటు 12 పాయింట్లలో పెడితే నేను లైన్ స్పేసింగ్ 18 పాయింట్ల దగ్గర మొదలుపెడతాను. తెలుగు స్పెల్‌చెక్ కూడా ఉంది గానీ మన సంధులకి అదేం తట్టుకుంటుంది, పేజీ అంతా ఎర్రగీతలే. నేను ఆపేస్తాను.

ఏది ఎంచుకున్నా ముందు నా దగ్గరున్న ఒక పేరా అందులో పోసి చూస్తాను. లక్ష్మి, జ్యోత్స్న, స్వాతంత్ర్యం, వాఙ్మయం, ఱంపం, సాఫ్ట్‌వేర్, మధ్యలో రెండు ఇంగ్లిషు మాటలు, ఒక కొటేషన్. దాన్ని పీడీఎఫ్ చేసి, అందులోంచి కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తాను. అక్కడ పడిన తెలుగును బట్టే నా తీర్పు. ఒకసారి కొంటే చాలు, చందా లేదని ఊరించిన ఒక సాఫ్ట్‌వేర్ 'జ్యోత్స్న' దగ్గరే ఆగిపోయింది. డబ్బు కట్టకముందే ట్రయల్‌లో తెలిసింది కాబట్టి టెన్షన్ లేదు.

ఈమధ్య వచ్చిన మాస్టారికి లిబ్రేఆఫీసే పెట్టించాను. జ్ఞాపకాలు ఆయనే దిద్దుకుంటారు, అమెరికాలో ఉన్న కూతురు అక్కడ తెరిచి చూస్తుంది, ప్రెస్సుకి పీడీఎఫ్ వెళ్తుంది. ఆ ఫైలు తెరిచేవాళ్లు వాళ్లే.

పాత పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతీ అడుగుతుంటారు. ఇండిజైన్ సీఎస్6 వరకూ వాటిని తెరిచేది, ఆ తర్వాతవి తెరవవు. అందుకే పాత కంప్యూటర్‌ని నెట్ తీసేసి అలాగే ఉంచాను, రీప్రింట్లు దాంట్లోంచే. ఆషాఢంలో శుభలేఖల పని ఉండదు గనక అప్పుడు ఒక్కో పుస్తకం పీడీఎఫ్ తీసి, మేటర్ యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫు చూసి పెడుతున్నాం.