మూడు చుక్కల వెలుతురు

నిద్ర పట్టడం లేదు. పదకొండు దాటింది. చేతుల్లో గ్రైండర్ అదురు ఇంకా తగ్గలేదు, వేళ్ళు ఒక అక్షరానికి బదులు పక్క అక్షరం మీద పడుతున్నాయి. అయినా రాయకపోతే ఈ రాత్రంతా ఆ మూడు చుక్కలే కళ్ళ ముందు ఆడతాయి.

నాన్న పాత కారును బాగుచేసే పనే. అవును, ఇంకా అదే. వెనక సీటు ముందు, ఎడమవైపు కాళ్ళు పెట్టుకునే చోట నేలకు రేకు అతుకు వెల్డింగ్ చేయడం ఈ రోజు పూర్తయింది. పూర్తయిందనే అనుకున్నాను. చీకటి పడ్డాక బాబాయ్ చెప్పిన పరీక్ష చేశాను. షెడ్డులో దీపాలన్నీ ఆర్పి, కారు కింద ఒక బల్బు పెట్టి, లోపల మోకాళ్ళ మీద కూర్చుని అతుకు చుట్టూ చూడాలి. కొత్త రేకు పాత రేకును కలిసే గీత మీద మూడు చోట్ల వెలుతురు కనిపించింది. సూదిమొనంత. ఒకటి మూలలో, రెండు పక్కపక్కనే.

ఇంత చిన్నవాటికి అంత బాధ ఎందుకన్నారు ఇంట్లో. పైన సీలెంటు పూస్తే మూసుకుపోతాయి కదా అన్నారు. ఆ మాటే నన్ను ఇంకా మండించింది. ఎందుకో చెప్పాలంటే పొద్దుటి సంగతి చెప్పాలి.

పొద్దున అతుకు పని మొదలుపెట్టే ముందు పక్కనున్న సిల్ కూడా ఒకసారి చూద్దామనుకున్నాను. తలుపుల కింద పొడవునా సాగే బోలు దూలం అది. బయటి నుంచి నున్నగా, రంగు చెదరకుండా ఉంది. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్తే ముందు భాగంలో రేకు ఖంగుమంది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి తడి చెక్కను తట్టినట్టు మొద్దుగా పలికింది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. తీగ బ్రష్షుతో రంగు లేపాను. కింద పుట్టీ. బొటనవేలి మందాన పుట్టీ! దాని వెనక కిటికీలకు కొట్టే దోమతెర ముక్క, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన కాగితాలు. కాగితాలు నల్లబడి, పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. ఇనుము ఉండవలసిన చోట ఇనుమే లేదు.

పుట్టీ మీద నాకు ద్వేషం లేదు. గట్టి రేకు మీద మిల్లీమీటరో, రెండో సొట్ట సరిచేయడానికి అది మంచి వస్తువు. కానీ రంధ్రం మీద పుట్టీ పెట్టడం వేరు. తేమ లోపలికి వెళ్తుంది, బయటికి రాలేదు. కాగితం దాన్ని పీల్చి పట్టుకుంటుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే కొన్ని రెట్లు ఉబ్బుతుంది, అందుకే రంగు పొక్కుతుంది. గోరంత పొక్కు కింద చేరెడు తుప్పు ఉంటుంది. పైగా సిల్ అలంకారం కాదు. ఇలాంటి కారులో బరువు మోసేది, పక్క నుంచి ఏదైనా గుద్దితే లోపలివారికి అడ్డం నిలిచేది అదే. దాన్ని కాగితాలతో నింపి, పైన నునుపు చేసి, రంగు వేసి, పని అయిపోయిందని తాళాలు చేతిలో పెట్టినవారు ఎవరో! ఆ కారులో మేం ఎన్నేళ్ళు తిరిగామో లెక్కపెట్టుకుంటూ సగం పొద్దు గడిపాను. నాన్న ఆ పనికి డబ్బిచ్చి, కృతజ్ఞత కూడా చెప్పి ఉంటారు. ఆయన అలా చెప్పకుండా వచ్చే మనిషి కాదు.

నేల రంధ్రం సంగతి మాత్రం నాకు మొదటి నుంచీ తెలుసు. అప్పుడు నాకు ఏడేళ్ళు ఉంటాయి. వెనక సీట్లో ఒక్కదాన్నే కూర్చుని కాళ్ళ కింది రబ్బరు పట్టా అంచు ఎత్తాను. కింద రోడ్డు! నా పాదాల కిందే, బూడిదరంగు బట్ట తాను విప్పుతున్నట్టు పరిగెడుతోంది. ఎప్పుడో ఒకసారి తెల్లగీత మెరిసి మాయమయ్యేది. వాన పడితే తుంపర పైకి చిమ్మి నా పాదాలను తాకేది. అంత అందమైన రహస్యం నాకు ఇంకొకటి లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎండుటాకులు వదిలేదాన్ని, కాగితపు ముక్కలు వదిలేదాన్ని. అలా ఎన్ని వారాలు గడిచాయో. ఒకరోజు పెన్సిలు వదిలాను. అది అడ్డంపడి, కింద ఏదో తగిలి టకటకమంది. నాన్న కారు పక్కకు తీసి ఆపారు. వెనక తలుపు తెరిచి, పట్టా ఎత్తి, వంగి చూశారు. వేలు పెట్టి అంచును తడిమితే ఎండు మట్టిలా రాలింది. నన్ను కోప్పడతారనుకున్నాను. ఏమీ అనలేదు. ఆ వేలికి అంటిన గోధుమరంగు పొడిని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. మర్నాడు ఒక చెక్క కోసి, నాలుగు మూలలా మేకులు దించి బిగించారు. “కింద రంధ్రం ఉందమ్మా. కాళ్ళు ఈ చెక్క మీదే పెట్టు, పక్కన పెట్టకు” అన్నారు. నేను ఆ తర్వాత చాలాకాలం కాళ్ళు సీటు మీదికి ముడుచుకునే కూర్చున్నాను.

ఆ చెక్కను పోయిన నెల నేనే తీశాను. దాని కింద రంధ్రం నా రెండు అరచేతులంత అయింది. చెక్క తడిని పట్టి ఉంచింది, మేకు దిగిన ప్రతిచోటా కొత్త తుప్పు మొదలైంది. అంటే నాన్న వేసిన మరమ్మతు కూడా రంధ్రాన్ని పెంచిందే. అయినా ఆయన మీద కోపం రావడం లేదు. కింద రంధ్రం ఉందని ఆయన నాకు చెప్పారు. తేడా అక్కడే ఉందని పొద్దున చాలా గట్టిగా నమ్మాను.

ఇక అతుకు. అట్టముక్కతో కొలత తీసి, 0.8 మిల్లీమీటర్ల మందం రేకు కోసి వంచాను. పాత అంచులను మెరుపు వచ్చేదాకా రుద్దాను. బ్యాటరీ తీగ విప్పాను, తివాచీ పూర్తిగా తీసేశాను, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకున్నాను. మిగ్ వెల్డింగ్ యంత్రంలో, కరిగి అతుకయ్యే 0.6 మిల్లీమీటర్ల తీగ. గేట్లు చేసి చేసి ఆరితేరిన బాబాయ్ మొదటిరోజే చెప్పారు: “గేటుకు, ఈ రేకుకు పోలిక లేదమ్మాయ్. ఇక్కడ గీత లాగకు, చుక్క పెట్టు.” చుక్కకు, చుక్కకు మధ్య అంగుళం దూరం. ఒకటి ఇక్కడ, ఒకటి ఎదురుగా ఆ చివర, వేడి ఒకేచోట చేరకుండా. చెయ్యి తాకగలిగేంత చల్లారాకే పక్కది. లేకపోతే రేకు మెలితిరుగుతుంది. అలా చుక్కల మధ్య చుక్కలు నింపుకుంటూ పోతే చివరికి గీత అవుతుంది. మధ్యలో పదిహేను నిమిషాలు మాత్రం చెయ్యి కుదిరింది. మాస్కు లోపల చిన్న ఆకుపచ్చ లోకం, రేకుల కప్పు మీద వానలాంటి ఒకే తీరు చప్పుడు. ప్రతి చుక్కకూ ఆ చప్పుడు అలాగే వచ్చినప్పుడు నేను ఊపిరి కూడా మరిచిపోయాను.

తర్వాతే తప్పు చేశాను. పోయినవారం పాత రేకు రెండుసార్లు కరిగి చిల్లుపడింది కదా, ఆ భయంతో ఈ రోజు వోల్టేజి ఒక మెట్టు తగ్గించి పెట్టాను. చిల్లు పడలేదు. చుక్కలు ఉబ్బెత్తుగా, ఆకు మీద నీటిబొట్ల లాగా నిలిచాయి. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు. లోహం లోపలికి దిగితే వెనక వైపు కూడా ఉబ్బు కనిపించాలి. అదే మందం ముక్క మీద ముందు వేసి, తిప్పి చూడాలి. చూడలేదు. పైగా ఆ ఉబ్బులు చూడడానికి బాగాలేవని గ్రైండర్ తీసుకుని, అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియనంత నునుపుగా అరగదీశాను. పైన నిలిచిన లోహమంతా నిప్పురవ్వలై పోయింది. లోపలికి దిగినది చాలాచోట్ల మిగిలింది, మూడుచోట్ల మిగలలేదు.

ఆ నేల మీద మళ్ళీ తివాచీ పరుస్తాం. దాన్ని ఎవరూ చూడరు. మరి ఆ నునుపు ఎవరికోసం చేశాను? ఈ ప్రశ్న దగ్గరే చీకటి పడ్డప్పటి నుంచి ఆగిపోయాను. పొద్దున నేను తిట్టుకున్న మనిషి కూడా సాయంత్రం చేత్తో తడిమి చూసి, అంచు తెలియడం లేదని సంతోషించి ఉండాలి. నేనూ అలాగే తడిమాను, అలాగే సంతోషించాను. కాగితాలు కుక్కడం క్షమించగలిగేది కాదు, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నాకూ ఆ మనిషికీ మధ్య పొద్దున ఉన్నంత దూరం ఇప్పుడు కనిపించడం లేదు. అది నాకు చాలా కష్టంగా ఉంది.

ఇది మొదలుపెట్టినప్పుడు, రేపు ఆ మూడింటి మీద మూడు చుక్కలు పెట్టి, సీలెంటు పూసి, పైన రంగు వేసేద్దామనే ఉంది. రాస్తూ రాస్తూ మధ్యలో లేచి షెడ్డుకు వెళ్ళి వచ్చాను. కారు కింద బల్బు ఇంకా వెలుగుతోంది, ఆర్పడం మరిచినట్టున్నాను. ఈసారి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూర్చున్నాను. నాలుగోది కూడా ఉంది, ఒకప్పుడు నాన్న మేకు దిగిన మూలకు దగ్గరగా. జేబులో ఉన్న సుద్దముక్కతో ముందు ఆ నాలుగింటి చుట్టూ సున్నాలు చుట్టాను. తర్వాత వాటిని చెరిపేసి, అతుకు నాలుగువైపులా మొత్తం పొడవునా గీత గీశాను. కోత చక్రాలు రెండే మిగిలాయి. బాబాయ్‌ని ఎనిమిదింటికల్లా రమ్మనాలి.