404కి పోతున్న బ్యాక్‌లింకులు: పొల్లు పక్కన కనిపించని గుర్తు

మిద్దెతోట సైటుకి వేరే సైట్ల నుంచి వచ్చిన లింకుల్లో (బ్యాక్‌లింకులు) పనికొచ్చేవే తిన్నగా 404కి, అంటే "పేజీ లేదు" అనే జవాబుకి పోతుంటే చిర్రెత్తుకొస్తోంది. కొత్త లింకుల వేట ఆపి ఈ విడతంతా దీనిమీదే. సైటు పేరు రాసి లింకు ఇవ్వని పేజీలవాళ్లకు మెయిల్ పెట్టడం మాత్రం బాగానే ఫలించింది.

గొడవంతా ఒక్క స్లగ్‌తో (పేజీ అడ్రసులో చివరి ముక్క): గ్రో-బ్యాగ్‌-మట్టి. "బ్యాగ్" చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది, అక్షరాలు కలిసిపోకుండా ఆపేది. పదం చివర అది ఉన్నా లేకున్నా కంటికి తేడా తెలీదు. ఎన్‌కోడ్ చేస్తే (అడ్రసులో వెళ్లే పర్సెంటు గుర్తుల రూపం) అసలు స్లగ్ 146 క్యారెక్టర్లు, సర్వర్ లాగ్‌లో 404 పడ్డది 137. తేడా 9. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైటుకి పర్సెంటుతో కలిపి 3 క్యారెక్టర్లు. ఆ కనిపించని గుర్తుకీ అదే లెక్క, అంటే ఎగిరిపోయింది అదొక్కటే. లింకు ఇచ్చినవాళ్ల ఎడిటర్ పేస్టు చేసేటప్పుడు దాన్ని తుడిచేస్తోందని అనుమానం. కొన్ని లింకులైతే మొదటి "గ" దగ్గరే తెగాయి. పొల్లుని అక్షరంగా లెక్కవేయని రెజెక్స్‌తో (అక్షరాల వరుసని వెతికే సూత్రంతో) అడ్రసుని దానంతటదే లింకుగా మారిస్తే అంతే మరి.

301 (పాత అడ్రసుని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే రీడైరెక్టు) పెడితే సరిపోవాలి, కానీ అపాచీ సర్వర్‌లో అది పలకలేదు. అందులో మళ్లింపు రాసే రీరైట్‌రూల్ సరిపోల్చేది డీకోడ్ అయిన అడ్రసుతో. ప్యాటర్న్‌లో పర్సెంటు గుర్తులతో రాస్తే ఎన్నటికీ కలవదు. నేరుగా తెలుగు అక్షరాలతో రాసి, ఫైలుని బామ్ (ఫైలు మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8లో సేవ్ చేశాక కదిలింది. అప్పుడూ సగమే! ఆ గుర్తు ఉన్నా లేకున్నా పట్టుకోవాలని వెనక ప్రశ్నార్థకం పెడితే, అది 3 బైట్లలో చివరిదానికే వర్తించింది. మూడింటినీ బ్రాకెట్లో కట్టి ఆ తర్వాత పెడితేనే రెండు రూపాలూ దారికొచ్చాయి. "గ" దగ్గర తెగినవాటికి విడిగా ఇంకో రూల్.

404లన్నిటినీ హోమ్‌పేజీకి మళ్లించే ప్లగిన్ల జోలికి పోవద్దు. సంబంధం లేని పేజీకి తోస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీగానే చూస్తుంది. గమ్యం చిన్న ఇంగ్లిష్ స్లగ్, మధ్యలో ఒక్క గెంతే ఉండాలి. రీడైరెక్టుని కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతోంది, తీసేయకపోతే ఇంకా మంచిది. లింకు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే డబ్బు కట్టే టూల్స్ కన్నా లాగ్‌లో రెఫరర్ గడి నయం. ఇక మోజ్ కంపెనీ సైట్లకిచ్చే డీఏ (డొమైన్ అథారిటీ) స్కోరు చూసి సైట్ల వెంట పడటం దండగ, అది గూగుల్ వాడే లెక్కే కాదు. నోఫాలో (ఈ లింకుని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) అనగానే కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. 2019లోనే గూగుల్ దాన్ని ఆజ్ఞ నుంచి సూచనగా మార్చింది.

తర్వాత పాత తెలుగు స్లగ్‌లన్నీ స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సైటు పరిశీలించే టూల్‌లో పెట్టి 200 క్యారెక్టర్లు దాటినవి ఏరాలి. ఉచిత వెర్షన్‌లో 500 అడ్రసులు వస్తాయి, ఈ సైటుకి చాలు. వర్డ్‌ప్రెస్‌లోకి మారాలన్న ఆలోచన ఉంది, అక్కడ ఎన్‌కోడ్ అయిన స్లగ్‌కి 200 క్యారెక్టర్లే హద్దు. అంటే తెలుగులో 22 గుర్తులకే కత్తెర. లింకు ఇచ్చినవాళ్లకి కొత్త చిన్న అడ్రసు పంపే మెయిల్ మాత్రం రేపే మొదలు, ముందు ఎరువుల పేజీకి లింకు ఇచ్చినవాళ్లకి.