గోల్డర్స్ గ్రీన్‌లో గురువారం పేపర్లు

లండన్‌లో, యూదులు ఎక్కువగా ఉండే గోల్డర్స్ గ్రీన్‌లో నేను పనిచేసిన షాపుకి పొద్దున్నే పేపర్ కట్టలు వచ్చేవి. ప్లాస్టిక్ పట్టీ కోసి స్టాండులో సర్దడం నా పని. 2018 జులై చివర్లో ఒక గురువారం యూదుల వారపత్రికలు జ్యూయిష్ క్రానికల్, జ్యూయిష్ న్యూస్ కట్టలు విప్పితే రెండింటి మీదా ఒకటే హెడ్డింగు, ఒకటే రాత. మామూలుగా వాటికి పోటీ. ఒకటి డబ్బులిచ్చి కొనాలి, రెండోది ఉచితం. ప్రెస్‌లో తప్పు జరిగిందేమో, తిట్లు నాకు పడతాయేమో అని టెన్షన్ పడ్డాను.

తప్పు కాదు. మాంచెస్టర్ నుంచి వచ్చే జ్యూయిష్ టెలిగ్రాఫ్‌తో కలిసి మూడు పేపర్లూ కూడబలుక్కుని వేశాయి. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్ ప్రభుత్వం వస్తే ఈ దేశంలో యూదుల మనుగడకే ముప్పని. యూదు వ్యతిరేకతకు అంతర్జాతీయంగా రాసుకున్న నిర్వచనాన్ని లేబర్ పార్టీ ఉదాహరణలన్నిటితో సహా ఒప్పుకోలేదని అప్పటి గొడవ. సెప్టెంబర్‌లో ఒప్పుకుంది.

రోజూ వచ్చే పెద్దాయన ఒకరు క్రానికల్ చేతిలోకి తీసుకుని, "1936లో ఇదే పేపర్ మా నాన్నను ఇంట్లో కూర్చోమంది" అన్నాడు. ఆ అక్టోబర్ 4న బ్రిటన్ ఫాసిస్టు నాయకుడు ఆస్వాల్డ్ మోస్లీ నల్లచొక్కాల వాళ్లు, యూదులు ఎక్కువగా ఉన్న లండన్ ఈస్ట్ ఎండ్‌లో ఊరేగింపు తలపెట్టారు. అటు పోవద్దు, గొడవలో చిక్కుకుంటే మన శత్రువులకే సాయం చేసినట్టని క్రానికల్ హెచ్చరించింది. అక్కడి కేబుల్ స్ట్రీట్‌లో జనం రోడ్డుకు అడ్డంగా దొరికిందల్లా పేర్చారు. ఊరేగింపు ఆగిపోయింది. "నాన్న పేపర్ పూర్తిగా చదివే వెళ్లాడు" అని నవ్వాడు.

ఇంకొకావిడ మాత్రం ఆ రోజు పేపర్‌ను బోర్లా తిప్పి పెట్టింది. "నా తరఫున రాయమని వీళ్లకి ఎవరు చెప్పారు?" అంది. ఆవిడ లేబర్ మనిషి. నాకు ఆవిడ కోపమూ అర్థమైంది. అయినా ఊరుకోమన్న పేపరే నోరు విప్పడం నాకు నచ్చింది.

మా అమ్మదీ ఆ 1936 మాటే. "పరాయి దేశం, రాజకీయాలు మనకెందుకు నాన్నా, తల వంచుకుని పని చేసుకో." కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి వీసా మీదున్నా ఇక్కడ ఓటుందని ఆమెకు తెలీదు. నాకూ రెండేళ్లు తెలీదు.

2019 డిసెంబర్ 12, పార్లమెంటు ఎన్నికలు. యూదు వ్యతిరేకత భరించలేక లేబర్ వదిలేసిన యూదు ఎంపీ లూసియానా బెర్జర్ మా నియోజకవర్గంలోనే లిబరల్ డెమోక్రాట్‌గా నిలబడింది. ఓడిపోయింది. ఆ సాయంత్రం పోలింగ్ క్యూలో ఉండగా అమ్మ ఫోన్. డ్యూటీలో ఉన్నానని చెప్పాను.