ఫ్యూయల్ ప్రెషర్ తక్కువుంటే పంపే పోయినట్టా?

విజయవాడలో మా ఆటోనగర్‌లో తరచూ వినపడే మాట ఒకటుంది. "గేజ్ పెట్టి చూశాం, ప్రెషర్ తక్కువుంది, పంపు మార్చాల్సిందే." ఫ్యూయల్ ప్రెషర్ అంటే ట్యాంకులోని పంపు ఇంజిన్‌కి పెట్రోల్ నెట్టే ఒత్తిడి. అది తక్కువుందంటే ఆ లైన్లో ఎక్కడో తేడా ఉందని, అంతే. అదెక్కడో కనుక్కోకుండా బండి వాళ్ల చేత వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఆమధ్య సింగ్ నగర్ నుంచి ఒక పెట్రోల్ కారు వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదొచ్చినప్పుడు సీట్ల దాకా నీళ్లలో ఉన్న బండి. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది, వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కి గట్టిగా తొక్కితే మాత్రం పికప్ చచ్చిపోతుంది. వేరేచోట చూపిస్తే పంపు మార్చాలన్నారట. రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్‌ని ఇంజిన్ దగ్గర్నుంచి ట్యాంకుకి తిప్పిపంపే పైపు) లేని బండి, ప్రెషర్ 3.5 బార్ ఉండాలి. ఐడిల్‌లో 3.3 చూపించింది, షెడ్డులో నిలబెట్టి రేస్ చేసినా పెద్దగా పడలేదు. గేజ్ పైపు బానెట్ సందులోంచి బయటికి తీసి ముందు అద్దానికి టేపు వేసి రోడ్డెక్కాం. మూడో గేరులో ఫుల్లుగా తొక్కేసరికి ముల్లు 2 దగ్గరికి దిగిపోయింది.

ఇక్కడే చాలామంది ఆగిపోయి పంపు ఆర్డర్ పెట్టేస్తారు. దయచేసి ఆగండి, ముందు పంపుకి కరెంటు సరిగ్గా అందుతుందో లేదో చూడండి. అది కూడా కనెక్టర్ పీకి కాదు. పీకి చూస్తే కరెంటు లాగే పంపే ఉండదు కాబట్టి మీటరు 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. కనెక్టర్ పెట్టే ఉంచి, పంపు తిరుగుతుండగా వెనక నుంచి పిన్ను గుచ్చి చూడాలి. ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 13.9 ఉంటే, పంపు దగ్గర 10.2 వచ్చింది. పంపు ఎర్త్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి మీటరు పెడితే 3.2 వోల్టులు అక్కడే పోతున్నాయి, మామూలుగా 0.2 దాటకూడదు. వెనక సీటు ఎత్తి కార్పెట్ తీస్తే ఎర్త్ బోల్టు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమెరీ పేపరుతో రుద్ది, వైరు చివర కొత్త లగ్ వేసి బిగించాం. మళ్లీ అదే రోడ్డు మీద ముల్లు 3.5 దగ్గర కదలకుండా నిలబడింది. వరదలో మునిగిన బండ్లన్నిటికీ ఈ చెకింగ్ ముందు చేయాలి.

కరెంటు బాగుంటే అప్పుడు ఫిల్టరు, ట్యాంకులో జాలీ చూడాలి, అవీ బాగుంటే అప్పుడు పంపు.

రిటర్న్ లైను ఉన్న పాత బండ్లయితే రెగ్యులేటర్‌కి (ప్రెషర్‌ని అదుపులో ఉంచే భాగం) ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్ పైపు ఐడిల్‌లో పీకి చూడండి, ప్రెషర్ సుమారు అర బార్ పెరగాలి. ఆ పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే, ఇక వేరే టెస్టు అక్కర్లేదు. ప్రెషర్ ఎక్కువుంటే రిటర్న్ లైను మూసుకుపోయిందేమో, రెగ్యులేటర్ ఇరుక్కుపోయిందేమో చూడాలి. పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొడితేగానీ స్టార్ట్ కాని బండికి, ఇంజిన్ ఆపాక గేజ్ ముల్లు ఎంత త్వరగా పడుతుందో చూడండి. టకామని పడిపోతే పంపులో చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), రెగ్యులేటర్, పెట్రోల్ లీకయ్యే ఇంజెక్టర్, ఈ మూడింట్లో ఏదో ఒకటి.

గేజ్ పెట్టేముందు పంపు ఫ్యూజు పీకి ఇంజిన్ ఆగేదాకా తిప్పి లైన్లో ప్రెషర్ వదిలించండి. మన ఎండల్లో వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కామన్ రైల్ డీజిల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే రైలు పైపు నుంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ అందే ఇంజిన్) సంగతి పూర్తిగా వేరు. ఐడిల్‌లోనే దాదాపు 300 బార్ ఉంటుంది, తొక్కితే 1600 కూడా దాటుతుంది. ఈ గేజ్ దాని దగ్గరికి తేవద్దు, ఇంజిన్ తిరుగుతుండగా పైపు నట్టు వదులు చేయొద్దు. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. స్కానర్‌లో పి0087 (రైల్ ప్రెషర్ తక్కువుందనే కోడ్) వస్తే ముందు, రాత్రంతా ఆపి ఉన్న బండికి కీ మాత్రం ఆన్ చేసి రైల్ ప్రెషర్ చూడండి. ఇంజిన్ తిరక్కుండానే పదుల బార్లు చూపిస్తుంటే సెన్సార్‌నీ దాని వైరింగ్‌నీ తేల్చుకున్నాకే హై ప్రెషర్ పంపు జోలికి వెళ్లండి.