పక్కింటి డాబా మీద సెల్ టవర్: నా అనుభవం

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున మా పక్కింటి ముందు లారీ ఆగింది. ఇనుప యాంగిళ్లు, తాళ్లు, ఒక జనరేటర్ దించారు. ఇంటికి ఏదో రిపేరు చేయిస్తున్నారనుకున్నాను. సాయంత్రం డాబా మీద స్లాబుకు డ్రిల్లు పెట్టి బోల్టులు బిగిస్తుంటే మా వంటింటి గిన్నెలు కూడా అదిరాయి. అప్పుడు తెలిసింది, అది సెల్ టవర్ అని.

మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. పక్కింటివాళ్లు మాకు చుట్టాలేమీ కారు. కానీ ఇరవై ఏళ్లకు పైగా బాబాయి, పిన్ని అనే పిలుస్తున్నాను. బాబాయిది పెన్షన్ లేని ఉద్యోగం. నెలనెలా టవర్ అద్దె వస్తే ఇద్దరి మందులకు సరిపోతుందని ఒప్పుకున్నారట. ఆ సంగతి ముందే తెలిసుంటే మొదటి రోజు గేటు దగ్గర నిలబడి అంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. ఆ మాటలకు ఆయన చాలా నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా క్యాన్సర్ మెసేజ్‌లే. గ్వాలియర్‌లో ఒకాయన కేసు వేస్తే 2017లో సుప్రీంకోర్టు టవర్ ఆపించిందని ఎవరో పెట్టారు. అది నిజమే. దాంతో అందరికీ ధైర్యం వచ్చింది. రేడియేషన్ వల్ల పిల్లలకు, ముసలివాళ్లకు ప్రమాదమని రెండు పేజీల అర్జీ రాసి, అరవై మంది సంతకాలతో మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చాం. ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని ఇంటికొచ్చి, ఇక పనైపోయినట్టేనని అనుకున్నాను.

నెల దాటాక జవాబొచ్చింది. రేడియేషన్ విషయం మా పరిధిలో లేదు, కేంద్ర టెలికాం శాఖను సంప్రదించండి అని మూడు వాక్యాలు. అప్పటికే టవర్ పనిచేయడం మొదలైంది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ మోత, పడకగదిలోకి డీజిల్ వాసన. పైగా ఎన్నికల కోడ్ వల్ల కలెక్టరేట్‌లో సోమవారాల్లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి కూడా ఆపేశారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ రోజుల్లో నిద్ర కూడా సరిగా పట్టేది కాదు.

దారి చూపింది టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఒక గుమాస్తా. మూడోసారి వెళ్లినప్పుడు నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, రేడియేషన్ అని రాసినంతకాలం మీ ఫైలు కదలదు. మేము చూసేది బిల్డింగ్. దాని గురించి ఏమన్నా ఉంటే రాయండి" అన్నాడు. 2013 ఆగస్టులో టెలికాం శాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల కాపీ చూపించాడు. రేడియేషన్ కారణంగా టవర్‌కు సీలు వేయాలంటే ఆ శాఖ సమ్మతి ఉండాలని అందులో ఉంది. కట్టడం బలంగా ఉందన్న ఇంజినీర్ల సర్టిఫికెట్, జనరేటర్‌కు సంబంధించిన సర్టిఫికెట్ లాంటివి మాత్రం స్థానిక సంస్థలు అడగవచ్చు. ఒక్క టవర్‌కే తరంగాలు ఒకరి చేతిలో, అది నిలబడ్డ స్లాబు ఇంకొకరి చేతిలో. నేను అన్నీ కలిపి ఒకే అర్జీలో రాసి ఒకే చోట ఇచ్చాను.

అందుకని విడదీశాను. రేడియేషన్ కోసం టెలికాం శాఖ 2017లో పెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది. మన దగ్గరి టవర్లు మ్యాపులో కనిపిస్తాయి, అప్పట్లో 4000 రూపాయలు, పైన పన్ను కడితే వాళ్ల ఇంజినీర్లే వచ్చి కొలిచేవారు. నలుగురం చందా వేసుకుని కట్టాం. రెండోది, మున్సిపాలిటీకి సమాచార హక్కు అర్జీ. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. టవర్ పర్మిషన్ ఫైలులోని ప్రతి కాగితం కాపీ కావాలని రాశాను.

మే నెలలో ఇద్దరు ఇంజినీర్లు వచ్చారు. మా డాబా మీద ఎండబెట్టిన వడియాల చీర పక్కనే ట్రైపాడ్ నిలబెట్టి, దాని మీద మీటర్ బిగించారు. ఒక్కో ఫ్రీక్వెన్సీ మార్చి నిమిషాల తరబడి కొలుస్తూ రాసుకున్నారు. మా ఇంట్లో, పక్క వీధిలో ఎదురుగా ఉన్న మూడంతస్తుల ఇంటి మీద కూడా కొలిచారు. యాంటెన్నా తన కిందికి కాకుండా ఎదురుగా, కొంచెం కిందికి వాలుగా పంపుతుందట. అందుకే దానికి సమాన ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటినే ముందు చూడాలని చెప్పారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి. 900 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9. మా రిపోర్టులో కొలత, పరిమితి పక్కపక్కనే వేశారు. అన్ని చోట్లా పరిమితికి చాలా కింద ఉంది.

ఆ కాగితం చూసి గ్రూపులో కొందరికి కోపమొచ్చింది, ఇంజినీర్లు కుమ్మక్కయ్యారన్నారు. నేను ఒప్పుకోలేదు. మా డాబా మీద, మా కళ్లముందు కొలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో చేర్చిన మాట వాస్తవం. కావచ్చు అన్నారు గానీ, అవుతుందని అనలేదు. నాకు మాత్రం ఆ రిపోర్టుతో సగం టెన్షన్ తీరింది.

మిగతా సగం జూన్‌లో పెరిగింది. సమాచార హక్కు కింద వచ్చిన కాగితాల్లో ఆ ఇంటి స్ట్రక్చరల్ సర్టిఫికెట్ ఉంది. పిల్లర్లు, బీములతో కట్టిన ఇల్లు, టవర్ బరువు మోయగలదు అని రాసుంది. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆ ఇంటికి పిల్లర్లు లేవు. ఇటుక గోడల మీద నిలిచిన ఇల్లు, పై అంతస్తు తర్వాత లేపింది. కట్టేటప్పుడు కూలీలకు టీ పెట్టి ఇచ్చింది నేనే.

జూలైలో వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, బాబాయి బయటికెళ్లిన సమయం చూసి పిన్ని నన్ను పిలిచింది. మేడ మీద గదిలో పైకప్పు పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయి. స్లాబు, గోడ కలిసే మూల నుంచి ఒక బీట కిందికి దిగుతోంది. ఆ బీట చివర పెన్సిల్‌తో అడ్డగీత, పక్కన తారీఖు. దాని కింద ఇంకో గీత, ఇంకో తారీఖు. ఆ కిందే మూడోది. మూడు వారాల్లో జానెడు దిగింది. "మీ బాబాయికి చెప్తే అద్దె పోతుందని బాధపడతాడమ్మా. నాకేమో రాత్రిళ్లు దీన్నే చూస్తూ పడుకోవాలంటే భయంగా ఉంది" అంది. ఆవిడ చేయి పట్టుకున్నాను. ఇన్ని నెలలు ప్రమాదం మాకే అనుకున్నాను. ఆ టవర్ కిందే పడుకుంటున్నవాళ్లు వీళ్లిద్దరు.

పిన్ని అనుమతితోనే ఫోటోలు తీశాను. ఈసారి అర్జీ ఒకే పేజీ. రేడియేషన్ మాటే లేదు. ఈ సర్టిఫికెట్‌లో పిల్లర్లున్నాయని ఉంది, ఇంటికి లేవు, బీట ఈ తారీఖుల్లో ఇంత పెరిగింది, మళ్లీ పరీక్ష చేయించండి అని మాత్రం రాశాను. సర్టిఫికెట్ కాపీ, ఫోటోలు, జనరేటర్ గురించి ఒక పేరా జతచేశాను. ఆగస్టులో ఒక సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను. వారం తిరగకుండా మున్సిపల్ ఇంజినీర్ వచ్చి గోడ కొట్టి చూశాడు.

తర్వాత నోటీసులు, గడువులు, ఇంకో గడువు. ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగంవాళ్లు పరీక్ష చేసి, ఈ కట్టడం ఆ బరువుకు పనికిరాదని రాసిచ్చారు. 2020 జనవరిలో టవర్ విప్పేశారు.

తీసేశాక కాలనీలో ఫోన్లు పలకడం మానేశాయి. కంపెనీవాళ్లు కాలనీ చివర ఖాళీ స్థలంలో నేల మీద నిలబెట్టే టవర్‌కు మళ్లీ అడిగారు. గ్రూపులో పాత మెసేజ్‌లే మళ్లీ మొదలయ్యాయి. ఆ మీటింగులో లేచి మా రిపోర్టు అంకెలతో సహా చదివాను. నేల మీదికి అభ్యంతరం లేదు, కానీ పునాది డిజైన్, జనరేటర్ ఎక్కడ పెడతారో ముందే చూపించాలి, మొదలయ్యాక మళ్లీ కొలిపించాలి అన్నాను. కొందరు నన్ను అమ్ముడుపోయావన్నారు. బాధేసింది. అయినా అదే మాట మీద నిలబడ్డాను. చివరికి అలాగే కుదిరింది.

బాబాయి మీటింగు అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "చలిలో నిలబడ్డావేంటమ్మా, లోపలికి రా" అన్నారు. ఏడాది తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. అద్దె పోయిన లోటు మాత్రం నేను తీర్చలేనిది.

బీట పూడ్పించి, మేడ మీద గదికి సున్నం వేయించారు. ఆ మూడు గీతలున్న జానెడు చోటు మాత్రం వదిలేయమని పనివాళ్లకు పిన్ని చెప్పింది.