వెనీర్‌లో తెలుగు అక్షరాలు పొదగడం: లేజర్ కటింగ్‌తో నా అనుభవం

అర మిల్లీమీటరు మందమున్న టేకు వెనీర్‌లో, అంటే పల్చటి చెక్క పొరలో, అక్షరాల ఆకారంలో ఖాళీలు కోయాలి. తెల్లటి మేపుల్ వెనీర్‌లో కోసిన అక్షరాలను వాటిలో కూర్చోబెట్టాలి. అక్కావాళ్ల కొత్తింటి నేమ్ బోర్డు కోసం నేను పెట్టుకున్న పని ఇది. పెయింటు, స్టిక్కరు లేకుండా చెక్కలో చెక్క. సన్న రంపంతో చేత్తో కోసే నేర్పు నాకు లేదు కాబట్టి లేజర్ కటింగ్ షాపుకి వెళ్లాను. అక్కడ ఉన్నది గాజు ట్యూబుతో నడిచే 60 వాట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మెషిన్, రెండంగుళాల లెన్సు.

మెషిన్ నడిపే కుర్రాడు ఫైలు చూసి, "రెండిటికీ ఒకటే డ్రాయింగ్ కదన్నా, సెట్టయిపోతది" అన్నాడు. డ్రాయింగ్‌లో గీతకి వెడల్పు ఉండదు. కిరణానికి ఉంటుంది. గీతకి అటు సగం, ఇటు సగం చెక్కని అది కాల్చేస్తుంది. అలా పోయే వెడల్పే కెర్ఫ్. అక్షరం ప్రతి అంచులో సగం కెర్ఫ్ తగ్గుతుంది, ఖాళీ ప్రతి అంచులో సగం కెర్ఫ్ పెరుగుతుంది. కాబట్టి రెండిటినీ ఒకే గీత మీద కోస్తే అక్షరం చుట్టూ ఒక పూర్తి కెర్ఫ్ సందు మిగులుతుంది. ట్రయల్‌కి 'శ్రీ' ఒక్కటి కోసి చూస్తే, వేలు తగిలితే చాలు కదులుతోంది.

మరి కెర్ఫ్ ఎంత? "పాయింట్ టూ వేసుకో అన్నా, అందరూ అదే వేస్తరు" అన్నాడు. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అట్ట) పెట్టెలకి ఆ అంచనాతో పని జరిగిపోవచ్చేమో గానీ, అర మిల్లీమీటరు వెనీర్‌లో నాకు నమ్మకం కుదరలేదు. వెర్నియర్ కాలిపర్ దవడలు ఒక్క కోత సందులో దూరవు. అందుకే 100 మిల్లీమీటర్ల పొడవు పట్టీని 10 సమాన ముక్కలుగా కోయించాను. ముక్కలన్నీ గాజు పలక మీద పరిచి, స్టీలు స్కేలుకి ఆనించి దగ్గరికి నెట్టి కొలిస్తే 98.4 వచ్చింది. ప్రతి ముక్కా రెండు కొసల్లో సగం సగం కలిపి ఒక కెర్ఫ్ పోగొట్టుకుంటుంది కాబట్టి, పోయిన 1.6ని 10తో భాగిస్తే కెర్ఫ్ 0.16. కొందరు ముక్కల్ని కోసిన చట్రంలోనే ఒక పక్కకి జరిపి, మిగిలిన సందు కొలుస్తారు. అప్పుడు భాగించాల్సింది 11తో, ఎందుకంటే రెండు చివర్లతో కలిపి కోత గీతలు పదకొండు.

ఆ 0.16ని ఇంకా తగ్గించుకోవాలనిపించింది. లెన్సు ఫోకల్ పొడవు తగ్గితే చెక్క మీద కిరణం పడే చుక్క సన్నబడుతుంది. షాపులో ఒకటిన్నర అంగుళాల లెన్సు డబ్బాలో ఊరికే పడి ఉంది. మార్చమంటే కుర్రాడి మొహం మాడింది గానీ మార్చాడు. అదే పరీక్షలో ఈసారి 0.12 వచ్చింది. అయితే ఈ లెన్సుకి ఫోకస్ లోతు తక్కువ. ఎత్తులో కాస్త తేడా వచ్చినా కోత వెడల్పయిపోతుంది. వెనీర్ సంగతి తెలిసిందేగా, ఎండబెట్టిన అప్పడంలా ఎక్కడో ఒకచోట లేచే ఉంటుంది. పైగా మంటని ఆర్పడానికి వచ్చే గాలి సన్నటి షీటుని ఎగరేస్తుంది. రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, మెషిన్‌లో షీటు పరిచే తేనెతుట్టె జాలీ మీద అంచులకి చిన్న అయస్కాంతాలు పెట్టాం. కిరణం బయటికొచ్చే నాజిల్‌కి తగలనంత పల్చటివి చూసి పెట్టుకోవాలి. ఆ టేపు వల్ల పొగ మరకలు కూడా చెక్కకి అంటలేదు.

అసలు కష్టం వంపుల దగ్గర వచ్చింది. మన అక్షరాల్లో తిన్నటి గీత ఎక్కడుంది? స్పీడు ఎక్కువ పెడితే లెన్సున్న తల ప్రతి మలుపులో నెమ్మదిస్తుంది, అక్కడ కిరణం ఎక్కువసేపు ఆగి కోత లావవుతుంది. నేరు గీతల మీద కొలిచిన 0.12 అక్కడ పనికిరాదు. పోనీ పవర్ బాగా తగ్గిద్దామంటే, గాజు ట్యూబు 10 శాతం కిందకి దిగితే నిలకడగా వెలగదు. చివరికి సెకనుకి 20 మిల్లీమీటర్లు, 15 శాతం పవర్ దగ్గర వంపులో, నేరులో కోత ఒకేలా వచ్చింది. మధ్యాహ్నం ఎండకి ట్యూబుని చల్లబరిచే చిల్లర్ నీళ్లు వేడెక్కాక అవే సెట్టింగులతో వెనీర్ పూర్తిగా తెగలేదు. మిగతా పని పొద్దున్నే పెట్టుకున్నాం.

గుండ్రటి లిపి వల్ల ఒక లాభం కూడా ఉంది. కిరణం గుండ్రం కాబట్టి ఖాళీ లోపలి మూల ఎప్పుడూ పదునుగా తెగదు. ఇంగ్లిషు 'ఈ', 'ఎఫ్' అక్షరాలు పొదిగేవాళ్లు ఆ మూలల్ని బ్లేడుతో చెక్కుకోవాలి. నాకు ఆ బాధ లేదు. నాకున్న బాధల్లా తలకట్టు కొసలు. సన్నగా ఉంటే విరిగిపోతాయి. అందుకే ఎక్కడా ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గని లావు ఫాంటు తీసుకున్నాను.

దిద్దుబాటంతా అక్షరాల మీదే పెట్టి, ఖాళీల్ని ముట్టుకోలేదు. లెక్క ప్రకారం అక్షరం గీతని బయటికి 0.12 జరపాలి. అలా జరిపితే అక్షరం మరీ బిగుతై, నొక్కినచోట అంచు చిట్లింది. 0.10 దగ్గర వేలితో నొక్కగానే కూర్చుంది, ఫెవికాల్ తడికి కాస్త ఉబ్బి మిగిలిన సందు కూడా మూసుకుంది. అక్షరాల సున్నాల్లోని టేకు బిళ్లలు రాలిపోకుండా, షీటు ఎత్తేముందే పైన వెడల్పు టేపు వేశాను. అంచుల్లో మిగిలిన సన్నటి గోధుమరంగు గీత నాకైతే అందంగానే ఉంది.

బోర్డు చూసి ఇప్పుడు బావ తన ఆఫీసుకి మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్‌లో ఒకటి కావాలంటున్నాడు. ఆ మందంలో కోత పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. అందుకని అక్షరాల్ని అద్దంలో బొమ్మలా తిప్పి కోయించి, బోర్లించి పొదగాలనుకుంటున్నాను. అప్పుడు అక్షరం వెడల్పుగా మిగిలిన అడుగు వైపు పైకి వచ్చి సందు తగ్గుతుంది. కెర్ఫ్ మాత్రం ఆ షీటు మీద మళ్లీ కొలవాల్సిందే.